బొత్తాం పట్టేంత సందు

"అన్ని చొక్కాలెందుకురా? పందెం ఒక్క పూటేగా!" అంది వదిన, సంచి మూతి రెండు చేతులా విడదీసి పట్టుకుని.

"అన్నీ పెట్టు వదినా. మేస్త్రీకి పడవ నచ్చితే అటునుంచి అటే. చొక్కాల కోసం మళ్ళీ ఇంత దూరం ఎవడొస్తాడు?" అన్నాడు మరిది.

"చొక్కాల కోసం రావన్నమాట. మరి మనుషుల కోసం?"

"మనుషులకు కాళ్ళుంటాయి, వాళ్ళే వస్తారు. చొక్కాలకు లేవుగా పాపం."

వదిన నవ్వింది. నవ్వుతూనే నీలం చొక్కా ఒకటి తీసి దిండు కిందికి తోసింది. అదొక్కటి ఇంట్లో ఉంటే దానికోసమైనా వస్తాడేమోనని ఆవిడ ఆశ.

"దిండు కింద దాచినదీ పెట్టు" అన్నాడు మరిది తలెత్తకుండానే. "నీకంటే మా అన్నయ్య నయం. దాచుకోవలసింది వస్తే ఎక్కడ దాచాడో తనే మరిచిపోతాడు."

ఎవరైనా సంచి సర్దుకోవడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ పడదు. తండ్రి ఇలాగే నాలుగు గుడ్డలు సర్దుకుని పనికని వెళ్ళాడు. అక్క కాపురానికని వెళ్ళింది. పక్కింటి స్నేహితురాలు వాళ్ళ నాన్నకు బదిలీ అయితే లారీ ఎక్కి చెయ్యి ఊపుతూ వెళ్ళింది. వెళ్ళినవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అందరూ "ఇదిగో, ఇట్టే వచ్చేస్తా" అన్నవాళ్ళే.

ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మరిది చొక్కా చేతికి ముక్కు తుడుచుకునే వయసువాడు. తల్లి పోయి ఏడాది కూడా కాలేదు. గుమ్మంలో అడ్డంగా నిలబడి కొత్త వదినను కిందనుంచి పైదాకా చూసి, "నువ్వు కూడా వెళ్ళిపోతావా?" అని అడిగాడు. "నేనెక్కడికీ వెళ్ళను నాయనా" అంది ఆవిడ. అన్నమాట నిలబెట్టుకుంది. వాణ్ణి కంటికి రెప్పలా పెంచింది. కానీ ఆ వేళ "మరి నువ్వో?" అని తిరిగి అడగలేదు. అంత చిన్నపిల్లవాడు ఎక్కడికి పోతాడని అడుగుతుంది?

పోతాడు. పిల్లవాళ్ళు పెద్దవుతారు, పెద్దయ్యాక పోతారు. ఈ సంగతి ఆవిడకు తెలియక కాదు. తెలిసినా మింగుడుపడక.

వాళ్ళది మూడు గదుల వరస ఇల్లు. వీధి గదిలో భర్త కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి మళ్ళీ ప్రాణం పోసేవాడు. నడిమి గదిలో ఆవిడ కుట్టుమిషను. వెనక గది మరిదిది. అక్కడ మంచం మీద కంటే బల్ల మీద సామాను ఎక్కువ. ఆ బల్ల మీద తయారయ్యేవి పడవలు. మూరెడు పొడవు, పలచని చెక్కతో చేసినవి, చేతిలో రిమోటు పట్టుకుని నడిపే పందెం పడవలు. నీళ్ళ మీద వదిలితే కంటికి ఆనకుండా పరుగెడతాయి. మరిది మొట్టమొదట చేసిన పడవ ఊరి బయటి రిజర్వాయరులో పది మంది చూస్తుండగా బుడుంగుమని మునిగింది. ఆనాటి నుంచి స్నేహితులందరికీ వాడు బుడుంగు. తర్వాత ఎన్ని పందేలు గెలిచినా ఆ పేరు పోలేదు. మంచిపేరు కష్టపడితే వస్తుంది, మారుపేరు మునిగితే వస్తుంది.

ఈసారి పందెం మామూలుది కాదు. సముద్రం ఒడ్డున ఎక్కడో దూరాన, మనుషులు కూర్చుని నడిపే అసలు పందెం పడవలు కట్టే కార్ఖానా ఒకటుంది. దాని పెద్దను అందరూ మేస్త్రీ అంటారు. ఆయన ఏటా ఈ బుల్లి పడవల పందెం చూడడానికి వస్తాడు. ఎవరి పడవ ఆయన కంటికి ఆనితే వాణ్ణి అక్కడికక్కడే తనవెంట పనికి తీసుకుపోతాడు. మరిది కొత్త పడవను చూసినవాళ్ళంతా, "ఈ ఏడు బుడుంగే" అనేశారు. వదిన కూడా చూసింది. ఆవిడకూ అదే అనిపించింది. ఆ రోజు నుంచి ఆవిడకు నిద్ర లేదు.

పడవ మరిదిదే అయినా అది ముగ్గురి పని. చెక్కపని మరిదిది, మోటారు చుట్టింది అన్న, ఆ మోటారుకూ వెనక తిరిగే రెక్కకూ మధ్య షాఫ్టు అమర్చేది వదిన. ఆ పని ఆవిడ చేతికి ఎలా వచ్చిందంటే, మొదట్లో మరిదికి షాఫ్టులు తెగేవి. ఆ షాఫ్టు గట్టి కడ్డీ కాదు. సన్నని ఉక్కుపోగులు మెలివేసి పేనిన తాడు. మోటారు దగ్గర బయలుదేరి, ఇత్తడి గొట్టంలో వంగి, పడవ వెనక కిందికి దిగిన చిన్న ఇత్తడి కాలులోంచి బయటికొచ్చి రెక్కను తిప్పుతుంది. అది ఎందుకు తెగుతోందో తెలిసిన రోజున మరిది పెరట్లోకి పరుగెత్తుకొచ్చి, ఆవిడ ఉతుకుతున్న దుప్పటి కొస అందుకున్నాడు.

"ఆ కొస నువ్వు పట్టుకో వదినా. నువ్వటు తిప్పు, నేనిటు తిప్పుతా."

ఇద్దరూ మెలిపెట్టారు. నీళ్ళు కారాయి. దుప్పటి బిగుసుకుని పొట్టిదైంది. మెలిపెట్టేకొద్దీ ఇద్దరూ ఒక్కో అడుగే దగ్గరికి రావలసి వచ్చింది.

"చూశావా? షాఫ్టు కూడా ఇంతే. నీళ్ళ బరువు పడగానే మెలి బిగిసి పొట్టిదవుతుంది. అందుకని ముందే కాస్త సందు వదలాలి."

సందు వదలాల్సింది వెనక కొసన. ఇత్తడి కాలుకూ, రెక్కను పట్టుకునే గుబ్బకూ మధ్య త్రస్టు బేరింగు ఉంటుంది. రెండు పలచని ఉక్కు బిళ్ళలు, వాటి నడుమ ఆవగింజల్లాంటి గుండ్లు. రెక్క నీళ్ళను వెనక్కి తోస్తే నీళ్ళు రెక్కను ముందుకు తోస్తాయి. ఆ తోపుడంతా మోసేది ఆ బేరింగే. పడవ గట్టు మీద ఉన్నప్పుడు గుబ్బ బేరింగుకు తగలకూడదు. నీళ్ళలో పడి షాఫ్టు పొట్టిదయ్యాక, అప్పుడు ముందుకు జరిగి దాని మీద కూర్చోవాలి. ముందే ఆనించి బిగిస్తే గుబ్బకు జరిగే చోటుండదు. పొట్టిదయ్యే షాఫ్టు మోటారు లోపల తిరిగే భాగాన్ని వెనక్కి లాగుతుంది, బేరింగు కాలుతుంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది.

ఆ సందు ఎంతుండాలో మరిది రకరకాల రేకులు పెట్టి కొలిచేవాడు. రేకు జారేది, చెయ్యి వణికేది, తిట్టుకునేవాడు. బొత్తాలు కుట్టి కుట్టి అరిగిన చేయి వదినది. ఒకనాడు చొక్కా బొత్తాం ఒకటి తీసి, అంచు నుంచి నడిమిదాకా రంపంతో చీల్చి, నోరు తెరిచినట్టున్న ఆ బొత్తాన్ని బేరింగుకూ గుబ్బకూ మధ్య షాఫ్టుకు తగిలించింది. గుబ్బను బొత్తానికి ఆనించి, మోటారు దగ్గర మర బిగించి, బొత్తాం లాగేసింది. మిగిలిన సందు అతికినట్టు సరిపోయింది. ఆ తర్వాత షాఫ్టు తెగలేదు. ఆ పని ఆవిడదైపోయింది.

బేరింగు నిండా నల్ల గ్రీజు కదా, లాగిన బొత్తానికి గ్రీజు అంటేది. ఆవిడ దాన్ని అలాగే మరిది చేతిలో పెట్టేది. వాడు చొక్కా జేబులో వేసుకునేవాడు. బొత్తాం జేబులో పడిందంటే షాఫ్టు సిద్ధమని అర్థం. ఇక వాడు ఆ వైపు చూసేవాడు కాదు. వాడి ప్రతి చొక్కా జేబు మీదా ఎంత ఉతికినా పోని గుండ్రటి నల్లమచ్చ. "పోస్టాఫీసు ముద్ర వదినా ఇది. ఏ ఊళ్ళో పారేసినా చొక్కా తిరిగి మనింటికే వస్తుంది" అనేవాడు.

సంచి సర్దడం అయిపోయింది. సాయంత్రం బస్సు. మరిది క్షవరానికి వెళ్ళాడు. వీధి గదిలో భర్త ఎవరితోనో నీళ్ళ పంపు మోటారు గురించి వాదిస్తున్నాడు. వదిన పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి ఒళ్ళో పరచుకుని, పడవను బోర్లించి పెట్టుకుంది.

షాఫ్టుకు గ్రీజు పూసి గొట్టంలోకి దోపింది. బేరింగు బిళ్ళలు వరస తప్పకుండా ఎక్కించింది. ఎడమ చేతిలో బొత్తాం ఉంది.

పక్కన గోడకు ఆనించి, పొట్ట ఉబ్బిన సంచి.

ఒక్క పందెం పోతే ఏమవుతుంది, అనుకుంది. వచ్చే ఏడు ఇంకోటి ఉంటుంది. ఆ మేస్త్రీ ఎక్కడికి పోతాడు, వచ్చే ఏడూ వస్తాడు. ఈ ఒక్క ఏడు ఆగితే చాలు. ఒక్క ఏడాదిలో తన మనసు గట్టిపడుతుంది. పడవకేమీ కాదు, కాస్త నీరసంగా నడుస్తుంది. నాలుగోదో అయిదోదో వస్తుంది. మరిది రెండు రోజులు మూతి ముడుచుకుంటాడు, తర్వాత మామూలే. తనకు తాను ఇన్ని సర్దిచెప్పుకోవలసి వచ్చిందంటేనే అది తప్పని తెలిసినట్టు. తెలిసింది కూడా.

బొత్తాం తగిలించలేదు. గుబ్బను బేరింగుకు గట్టిగా ఆనించి మర బిగించింది.

వేలితో రెక్కను తిప్పి చూసింది. మెత్తగా తిరిగింది. చూడడానికి అంత పొందికైన పని ఇంకోటి లేదు. సందు కనిపిస్తే తెలియనివాడు వదులుగా ఉందనుకుంటాడు. సందు లేకపోతే ఆహా అంటాడు.

మరిది మెడ మీద వెంట్రుకలు దులుపుకుంటూ వచ్చాడు. "అయిందా వదినా?"

ఆవిడ బొత్తాం వాడి చేతిలో పెట్టింది. "ఇదిగో" అంది. పెట్టానని గాని, సందు ఉందని గాని అనలేదు. నోటితో అబద్ధమాడలేదన్నది ఒక్కటే ఆ పూటకు ఆవిడ ఆసరా. మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆసరాయే కదా.

వాడు బొత్తాన్ని చూడనైనా చూడకుండా జేబులో వేసుకున్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా అది, పందెం కోసమని ఆవిడే కొత్తగా కుట్టింది.

బస్సులో ముగ్గురూ ఒకే సీటులో కూర్చున్నారు. మరిది పడవను తువ్వాల్లో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు. వచ్చే స్టాపులో చెప్పేద్దామనుకుంది వదిన. ఆ స్టాపు వచ్చింది, జనం దిగారు, జనం ఎక్కారు. సరే, ఆ తర్వాతి స్టాపులో. "ఒరే, చిన్నపొరపాటు జరిగింది, ఒక్కసారి ఆ మర విప్పు" అంటే చాలు. పొరపాటనైనా అనవచ్చు. నిజమే చెప్పాలని ఎవరన్నారు? కానీ ఆ మాట అంటే వాడు గెలుస్తాడు. గెలిస్తే వెళ్ళిపోతాడు. ఆ స్టాపు కూడా దాటిపోయింది.

"ఏమే, అలా ఉన్నావేం? కడుపులో తిప్పుతోందా?" అన్నాడు భర్త.

"అవునండీ."

"కిటికీ పక్కన కూర్చో. ఈ డ్రైవరు బస్సు నడుపుతున్నాడా, పిండి రుబ్బుతున్నాడా!"

పొద్దున సరస్సు ఒడ్డుకు చేరేసరికి జనం మూగి ఉన్నారు. గుర్తు కోసం వదిలిన మూడు ఎర్ర డబ్బాలు నీళ్ళ మీద తేలుతున్నాయి. వాటి చుట్టూ తిరిగి రావాలి. గట్టు మీద గొడుగు వేసుకుని సన్నగా, పొడుగ్గా ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఆయనే మేస్త్రీ.

"మరిదీ..." అంది వదిన వాడి వెనకే నడుస్తూ. మామూలుగా వాణ్ణి అలా పిలవదు. "ఆ మూత ఒక్కసారి తీస్తావా?"

"టేపు వేసేశాను వదినా, మళ్ళీ తీస్తే నీళ్ళు పోతాయి. ఏం, ఏమైనా మరిచిపోయావా?"

వాడి మొహం చూసింది. కొత్త క్షవరంతో చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి, చిన్నప్పట్లాగే. "ఏం లేదులే" అంది.

"ఏరా బుడుంగూ, ఈసారి ఎన్ని బుడగలు?" అని అరిచాడు ఒకడు. వాడి పేరు కళ్ళజోడు. మరిదికి స్నేహితుడే, పందెంలో మాత్రం పగవాడు.

"ముందు నీ అద్దాలు తుడుచుకో. నా పడవ వెనక భాగం తప్ప నీకేం కనబడదు ఇవాళ."

"నోరుంది కదా అని..."

"నోరు కాదురా, మోటారుంది. మా అన్నయ్య చుట్టిన మోటారు, మా వదిన పెట్టిన షాఫ్టు. నాదేముంది, నేను ఉత్త చెక్కముక్క."

భర్త మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు. వదిన చెంగు నోట్లో కుక్కుకుంది.

ఈల వేశారు. పడవలన్నీ ఒక్కసారి నీళ్ళను చీల్చుకుంటూ లేచాయి. మొదటి చుట్టులోనే మరిది పడవ అందరినీ వెనక వేసింది. గట్టు మీద జనం అరిచారు. మేస్త్రీ గొడుగు మూసి లేచి నిలబడ్డాడు. ఆ లేవడం వదిన చూసింది. ఆ క్షణాన ఆవిడ మనసు రెండుగా చీలింది. ఒకటి ఆగు ఆగు అంటోంది, ఒకటి పరుగెత్తు పరుగెత్తు అంటోంది.

మొట్టమొదట చప్పుడు మారింది ఆవిడకే తెలిసింది. సన్నగా పాడుతున్న మోటారు గొంతు బొంగురుపోయింది. "వేగం తగ్గించరా!" అని అరిచిందో, అరిచాననుకుందో. మలుపు తిరగ్గానే మరిది రిమోటు మీద పూర్తిగా నొక్కాడు. కీచుమని ఒక కేక, టప్పుమని ఒక దెబ్బ. పడవ నీళ్ళ నడుమ అడ్డంగా నిలిచిపోయింది. వెనక వస్తున్న కళ్ళజోడు పడవకు తప్పుకునే దారి లేదు. దాని వీపు మీదుగా ఎక్కి దూకిపోయింది. చెక్క చీలిన చప్పుడు గట్టుదాకా వినిపించింది.

వదిన అనుకున్న నాలుగో స్థానం ఇది.

తెడ్డు పడవలో వెళ్ళి ముక్కల్ని ఒడ్డుకు తెచ్చారు. రెక్క నీళ్ళపాలైంది. కళ్ళజోడు తన పడవ గెలిచిందన్నది కూడా మరిచి, "ఒరే, నేను చూసుకోలేదురా, తిప్పేలోపే..." అంటూ చుట్టూ తిరుగుతున్నాడు. జనాన్ని తప్పించుకుని మేస్త్రీ వచ్చాడు. వంగి, ఇత్తడి కాలును వేలితో తడిమి చూశాడు. అన్ని నీళ్ళలో నానినా మాడిన నలుపు పోలేదు. దానికి బేరింగు బిళ్ళ ఒకటి నీలంగా కమిలి అతుక్కుపోయింది.

"పడవ బాగుంది. మలుపు తిప్పడం బాగుంది" అన్నాడు. "షాఫ్టు ఎవరు పెట్టారు?"

మరిది చెయ్యి జేబులోకి వెళ్ళింది. బొత్తాం తీశాడు. బొటనవేలితో దాన్ని ఒకసారి రుద్దాడు, వేలు చూసుకున్నాడు. తర్వాత తలవంచి జేబు చూసుకున్నాడు. తెల్లచొక్కా, తెల్లగానే ఉంది. మచ్చ లేదు.

వదిన వాడి మొహాన్నే చూస్తోంది. వాడు ఆవిడ వైపు తిరగలేదు. నీళ్ళ వైపు చూశాడు.

"నేనేనండి."

"సందు?"

"పెట్టలేదండి. మరిచిపోయాను."

మేస్త్రీ నడుము సర్దుకుని నిలబడ్డాడు. "మరిచిపోయేవాడికి నా దగ్గర పని లేదు నాయనా. నా పడవల్లో మనుషులు కూర్చుంటారు" అని, గొడుగు విప్పుకుని నడిచిపోయాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది వదిన. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఆయన ఇంకా పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. పరుగెత్తి పట్టుకుని, "అయ్యా, వాడు కాదు, నేను" అనవచ్చు. "నే..." అని నోరు తెరిచింది కూడా.

"ఎండలో నిలబడకు వదినా, కళ్ళు తిరుగుతాయి" అన్నాడు మరిది, ఆవిడ మాట పూర్తికాకుండానే. అని చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకుపోయాడు. మేస్త్రీ గొడుగు జనంలో కలిసిపోయింది.

కోరుకున్నట్టే అయింది. మరిది ఇంటికొచ్చాడు. పొట్ట ఉబ్బిన సంచి కూడా వచ్చింది. వదిన చొక్కాలన్నీ తీసి మళ్ళీ అలమారులో పేర్చింది.

ఇంట్లో ఉన్నాడన్నమాటే గాని ఇంట్లో లేడు. పెట్టింది తినేవాడు. ఉప్పు తక్కువైందని వంక పెట్టేవాడు కాదు, ఎక్కువైందని వెక్కిరించేవాడు కాదు. వెనక గది తలుపు మూసేసి, వీధి గదిలో అన్న పక్కన కూర్చుని రాగితీగ చుట్టేవాడు. కోపంగా ఒక్కమాట అనలేదు. అని ఉంటే ఆవిడ ఏడ్చి కాళ్ళు పట్టుకుని ఉండేది. వాడు ఆ అవకాశం ఇవ్వలేదు. దాహమైతే "వదినా, మంచినీళ్ళు" అనేవాడు, ఎప్పటిలాగే మెత్తగా. ఆ మెత్తదనమే ఆవిడకు ముల్లయింది.

ఒకరోజు భర్త ఆ పడవ మోటారు విప్పాడు. లోపల తిరిగే భాగం వెనక్కి జరిగిపోయి, వెనక మూతను గీరుకుని గీరుకుని వెండిలా మెరుస్తోంది. ముందువైపు కొత్తగానే ఉంది. మోటార్లతో బతికినవాడికి ఆ గీత చదవడం ఎంతసేపు? ఏదో దాన్ని వెనక్కి లాగింది. దాన్ని లాగేది షాఫ్టు ఒక్కటే. భర్త తలెత్తి గుమ్మంలో నిలబడ్డ భార్యను చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చెయ్యి దానంతట అదే చెంగు అందుకుని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చూపు దించుకున్నాడు. మూత మళ్ళీ బిగించేశాడు.

"ఒరే, తప్పు నాదేరా" అన్నాడు తమ్ముడితో. "నా చుట్టడంలో తేడా ఉంది. వేడి అక్కడే మొదలైంది."

"కాదన్నయ్యా. సందు పెట్టనిది నేను."

"నేను విప్పి చూశాను కదరా! తీగ కాలింది."

"తీగ కాలిందా? ఏదీ, చూపించు."

"నీకు చూపించేదేంటి, నీ పుట్టుకకు ముందునుంచీ చుడుతున్నాను నేను! కాలిందంటే కాలింది."

"అంత కాలితే నువ్వు చుట్టడం మానేయాలి మరి."

"మానేస్తాను! మానేస్తానంటే మానేస్తాను!"

ఆస్తి కోసం కొట్టుకునే అన్నదమ్ముల్ని ఆ వీధి చూసింది గాని, తప్పు నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళను చూడలేదు. పక్క కొట్టు నుంచి మంగలి వచ్చి తొంగిచూసి, "అంత మంచి తప్పైతే నాక్కూడా ఒక వాటా ఇవ్వండి బాబూ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నడిమి గదిలో వదిన మిషను తొక్కుతోంది. సూది కింద గుడ్డ లేదు. వాళ్ళ మాటలు వినిపించకుండా ఉంటే చాలని తొక్కుతూనే ఉంది.

ఆ వారంలో భర్త నిజంగానే రెండు మోటార్లు చుట్టనని తిప్పి పంపేశాడు. ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి ఆయనకు ఇంకో దారి తోచలేదు. అది చూశాక మరిది తిండి కూడా సరిగ్గా తినలేదు. కళ్ళజోడు మేనమామకు సరుకుల ఓడ మీద ఉద్యోగం. ఇంజను గదిలో గ్రీజు పెట్టే మనిషి కావాలన్నాడట. మరిది ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి ఒప్పుకుని వచ్చాడు. భోజనం దగ్గర ఆ మాట చెప్పి, "నేను ఎదురుగా ఉన్నంతకాలం అన్నయ్య మళ్ళీ తీగ పట్టుకోడు. నేను లేకపోతే పట్టుకుంటాడు" అన్నాడు. భర్త కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

వెళ్ళే రోజు పొద్దున సన్నగా వాన. భర్త గొడుగుతో వీధిలో నిలబడ్డాడు. మరిది నడిమి గదిలోకి వచ్చాడు.

"వదినా, వెళ్ళొస్తా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, వదిన ఇప్పుడు పట్టుకుంది. "ఆ రోజు షాఫ్టు..." అంది.

"తెలుసు."

"తెలిసి నన్నొక్క మాటైనా అనలేదేంరా?"

"ఏమనను?" మరిది మిషను చక్రం మీద చెయ్యి వేసి కాస్త ముందుకూ వెనక్కూ తిప్పాడు. "నువ్వు ఉండమని అడిగావేమోనని గుర్తు చేసుకున్నా వదినా. ఎంత వెతికినా దొరకలేదు. చొక్కా దాచావు. షాఫ్టు బిగించావు. ఉండరా అని మాత్రం ఒక్కసారి అనలేదు."

"అంటే ఉండేవాడివా?"

వాడు ఆలోచించాడు. ఆవిడను సంతోషపెట్టే మాట కోసం వెతికి, దొరక్క, నిజమే చెప్పాడు. "ఏమో. అడగలేదుగా."

"ఇప్పుడు అడుగుతున్నాను. ఉండరా."

"ఇప్పుడు ఉంటే నేను నీ తప్పు కోసం ఉన్నట్టవుతుంది. రోజూ నా మొహం చూసి నువ్వు ఏడుస్తావు, నీ మొహం చూసి నేను నవ్వు తెచ్చుకోవాలి. వద్దులే వదినా." వంగి, చిన్నప్పట్లా ఆవిడ భుజానికి నుదురు ఆనించాడు. "అన్నయ్య టీలో చక్కెర తగ్గించు" అన్నాడు. అని వానలోకి దిగాడు.

ఆవిడ గుమ్మంలో నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తాడనుకుంది. అన్న గొడుగు తమ్ముడి మీదికి వంచుతున్నాడు, తమ్ముడు తిరిగి అన్న మీదికి తోస్తున్నాడు. మలుపుదాకా అలాగే పోయారు. ఇద్దరూ తడిసే పోయారు.

మరిది వెళ్ళింది వానలు మొదలైన వారంలో, బుధవారం పొద్దున. ఓడ మరుసటి ఏడు చలికాలంలో తిరిగొచ్చింది. భర్త రేవుకు వెళ్ళి సాయంత్రందాకా నిలబడి ఒక్కడే వచ్చాడు. మరిది దారిలో ఏదో రేవులో దిగిపోయాడని, ఓడలో వాళ్ళకు కూడా అంతకుమించి తెలియదని చెప్పాడు. భర్త పోయినప్పుడు కూడా మరిది రాలేదు. ఆ బుధవారం తర్వాత ఆ ఇంటికి వాడు మళ్ళీ రాలేదు.